ఆచార్య ధర్మము – సహకార వ్రతము: కడప మండల విద్యాచరిత్ర నుండి



శ్రౌతయాగంలో హోత ఋక్కులను, అధ్వర్యువు యజుస్సులను, ఉద్గాత సామమును నిర్వహిస్తారు. నాల్గవవాడైన బ్రహ్మ మౌనంగా కూర్చుండి కర్మనంతటినీ మనస్సుతో పరిశీలిస్తాడు. ఎవరి క్రియలోనైనా లోపం దొరలితే ఆ వేదభాగానికి తగిన వ్యాహృతితో, తగిన అగ్నిలో హోమం చేసి దానిని సరిదిద్దుతాడు. మౌనం పాటించవలసిన వేళ అతడు మాటలాడితే యజ్ఞం ఒంటికాలి మనుష్యుని వలె, ఒకే చక్రం గల రథం వలె కుంటుపడుతుందని ఛాందోగ్యోపనిషత్తు హెచ్చరిస్తున్నది. ఇక్కడ గ్రహింపవలసిన సూక్ష్మమొకటి ఉన్నది. బ్రహ్మ లోపాన్ని చూస్తాడు, సరిదిద్దుతాడు; కాని తోటి ఋత్విక్కును యజమాని ఎదుట అవమానింపడు. ఎవరి లోపమన్నది అతనికి ప్రధానం కాదు, యజ్ఞం పూర్ణం కావడమే ప్రధానం.

విద్యాదానమూ యజ్ఞమే. ఒక బాలునికి ఒకరు భాషను, ఒకరు గణితమును, ఒకరు శాస్త్రమును బోధిస్తారు. వీరందరి కర్మఫలం ఒక్కటే: ఆ బాలుని జ్ఞానము.

తైత్తిరీయ శిక్షావల్లిలో ముగ్గురు ఆచార్యుల మతాలు ఒకేచోట కనబడతాయి. రాథీతరుడు సత్యమే ముఖ్యమన్నాడు, పౌరుశిష్టి తపస్సన్నాడు, మౌద్గల్యుడు స్వాధ్యాయ ప్రవచనములే అన్నాడు. ఉపనిషత్తు ఏ ఒక్కరినీ త్రోసిపుచ్చక ముగ్గురి పేర్లనూ గౌరవంతో నిలిపింది. విద్య ముగిసిన శిష్యుని సాగనంపే ఆచార్యుడు కూడ తనలోని సచ్చరితములనే అనుసరింపుమని, ఇతరములను విడువుమని చెప్పాడు. సందేహం కలిగినప్పుడు విచారశీలురు, మృదుస్వభావులు, ధర్మకాములు అయిన పెద్దలు ఎట్లు వర్తింతురో అట్లు వర్తింపుమన్నాడు. తానొక్కడే ప్రమాణమని ఆయన అనలేదు. వృత్తిధర్మానికి ఇంతకు మించిన మూలసూత్రం వేరొకటి లేదు.

ఈ సూత్రానికి మన కడప మండల చరిత్రలోనే దృష్టాంతాలున్నాయి. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తరువాతి కాలంలో అక్కడి తన బంగళాలో పండితులను నియమించి, స్వీయధనంతో వేతనాలిచ్చి తెలుగు గ్రంథ పరిష్కారం చేయించాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి విద్వాంసులు అందులో పాల్గొన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ బంగళా వ్యవహారాలను నిర్వహించాడు. ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాలను పోల్చి, శుద్ధప్రతిని సిద్ధపరచడం వారి పని. ఒక ప్రతిలోని లోపాన్ని వేరొక ప్రతి పూరిస్తుంది. ఒక పండితుని దృష్టికి అందనిది మరొకరి దృష్టికి అందుతుంది. నా పాఠమే గెలువవలెనన్న పట్టుదలకు అట్టి పనిలో చోటులేదు. ఆ బంగళా స్థలంలోనే నేడు బ్రౌన్ గ్రంథాలయం వెలసి ఉన్నది. దాని స్థాపనకు అహర్నిశలు పాటుపడిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారూ అధ్యాపకులే.

ప్రొద్దుటూరు పట్టణం మరొక దృష్టాంతాన్ని చూపుతున్నది. జమ్మలమడుగున జన్మించిన దుర్భాక రాజశేఖర శతావధాని (1888–1957), అదే ప్రాంతపు నెమళ్లదిన్నెలో జన్మించి ప్రొద్దుటూరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన గడియారం వేంకట శేషశాస్త్రి (1894–1980) రాజశేఖర వేంకటశేష కవులన్న పేరుతో జంటగా అవధానాలు చేశారు, గ్రంథాలు రచించారు. జంటకవిత్వంలో ఒకరెత్తుకొన్న భావాన్ని రెండవవారు చెడకుండ నడపవలె. తోటివాని మాటను ముందు చెవియొగ్గి వినవలె. తరువాత వారే వేర్వేరుగా ‘రాణాప్రతాపసింహచరిత్ర’, ‘శ్రీమత్ శివభారతము’ అను మహాకావ్యాలను వెలువరించారు. కలసి పనిచేసినందున ఎవరి వ్యక్తిత్వమూ లోపించలేదు, మరింత వికసించినది. వైష్ణవ వంశీయులైన ఉపాధ్యాయ కవి పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) ‘శివతాండవము’ను రచించినదీ ఈ ప్రొద్దుటూరులోనే, అగస్త్యేశ్వరుని సన్నిధిలోనే. స్వధర్మమందు నిష్ఠ, పరధర్మమందు ఆదరము ఒకే హృదయంలో ఇముడుతాయనుటకు ఆ కావ్యమే సాక్ష్యము.

నేడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోనే కాదు, ఏ ఊరి పాఠశాలలోనైనా ఒక ఉపాధ్యాయుడు మరొకరి బోధనను విద్యార్థుల ఎదుట చులకన చేస్తే నష్టపోయేది ఆ ఇద్దరూ కారు. వినుచున్న బాలుడు. అతనికి ఆ పాఠంపై శ్రద్ధ చెడుతుంది, పిమ్మట విద్యపైనే చెడుతుంది. శ్రద్ధ లేనిచోట విద్య నిలువదు. కనుక తోటివారి లోపాన్ని ఏకాంతంలో, మిత్రభావంతో తెలుపవలె. వారి గుణాన్ని పదిమందిలో పలుకవలె. తాను సెలవుపై ఉన్ననాడు పాఠం ఆగకుండ చూచిన సహోద్యోగి ఋణాన్ని మరువరాదు. వెనుకబడిన బాలుని గూర్చి అది నా తరగతి కాదని త్రోసివేయరాదు. ఫలితం వచ్చినప్పుడు పేరు నాది, లోపం నీది అను లెక్క వేయరాదు.

యాగశాలలో నలుగురు ఋత్విక్కులకూ దక్షిణ లభిస్తుంది, ఫలం మాత్రం యజమానిది. పాఠశాలలో ఆ యజమాని మన ఎదుట కూర్చున్న బాలుడే. అతనికి పూర్ణఫలం దక్కునట్లు కర్మ చేయుటయే ఆచార్య ధర్మము.

శుభం భూయాత్.