ఇరుసు, కందెన, కడచీల

మన ఆఫీసుల్లో "మెయింటెనెన్స్ ప్రాజెక్టు" అన్న మాట వినగానే సగం మంది మొహాలు వాడిపోతాయి. కొత్తది కట్టేవాడికున్న గ్లామరు ఉన్నదాన్ని నడిపించేవాడికి ఉండదు మరి. ఈ చిన్నచూపులో న్యాయం ఎంతో తేల్చుకోవాలంటే బండి ముందు ఇరుసు చరిత్ర ఒకసారి చూడమంటాను.

రెండు చక్రాల ఎడ్లబండికి మలుపు పెద్ద సమస్య కాదు. చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి, ఎద్దులు ఎటు లాగితే బండి అటు. నాలుగు చక్రాలు పెట్టగానే చిక్కు మొదలవుతుంది. మన దేవుడి రథాల్లో చాలావాటికి ఇరుసులు పక్కకి తిరగవు, అందుకే వీధి మలుపులో చక్రాల కింద చెక్క మొద్దులు పెట్టి నానా తంటాలు పడి మళ్ళిస్తారు.

ఐరోపాలో గుర్రబ్బండి వాళ్ళు ముందు ఇరుసు మొత్తాన్నీ మధ్యలో ఒకే శీల మీద తిరిగేలా బిగించారు. పని జరిగింది గానీ, బాగా మలుపు తిప్పితే ముందు రెండు చక్రాలూ బండి కిందకి వచ్చేసి, నిలబడే ఆధారం దాదాపు త్రికోణం అయిపోతుంది. బండి పక్కకి ఒరగడానికి ఇంకేం కావాలి? పైగా ఒక చక్రం రాయికి కొట్టుకుంటే ఇరుసంతా మెలి తిరుగుతుంది.

ఇంగ్లండులో ఎరాస్మస్ డార్విన్ అనే డాక్టరు (చార్లెస్ డార్విన్ తాతగారు) రోగుల కోసం రోజూ బండిలో తిరిగేవాడు. ఇరుసు కదలకుండా చక్రాలు మాత్రమే తిరిగే ఏర్పాటు ఆయన 1750ల చివర్లోనే ఆలోచించాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. మ్యూనిక్‌లో బళ్ళు తయారుచేసే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1816లో అదే పద్ధతికి హక్కు సంపాదించాడు. లండన్‌లో అతని ఏజెంటుగా రుడాల్ఫ్ అకర్‌మన్ అనే పుస్తకాల, బొమ్మల ప్రచురణకర్త 1818లో పేటెంటు వేశాడు. ఇప్పటికీ మెకానికల్ వాళ్ళు చదివేది "అకర్‌మన్ స్టీరింగ్" అనే! కోడు రాసినవాడొకడు, చెక్‌ఇన్ చేసినవాడి పేరు నిలిచింది.

ఇందులో కిటుకు ఏమిటంటే, మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలి. ముందు, వెనక చక్రాల మధ్య 2.5 మీటర్లు, ఎడమ, కుడి చక్రాల మధ్య 1.4 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 5 మీటర్లు అనుకోండి. లోపలి చక్రం దాదాపు 30 డిగ్రీలు, బయటిది దాదాపు 24 డిగ్రీలు తిరగాలి. రెండూ సమానంగా తిరిగితే టైర్లు నేలని రాసుకుంటూ పోతాయి. స్టీరింగ్ చేతుల్ని వెనక ఇరుసు మధ్యకి గురిపెట్టినట్టు కొంచెం లోపలికి వంచితే, ఈ తేడా చాలావరకు దానంతటదే వచ్చేస్తుంది.

ఇంత చక్కటి జవాబు దొరికాక అందరూ ఎగబడి ఉండాలి కదా? అలా జరగలేదు. ఫ్రాన్సులో అమెదీ బొలే 1873లో తన ఆవిరి బండికి ఇలాంటి ఏర్పాటు పెట్టాడు. కార్ల్ బెంజ్ అయితే 1886లో తన మొదటి కారుని మూడు చక్రాలతోనే వదిలాడు, నాలుగు చక్రాల స్టీరింగ్ తనకి తృప్తిగా కుదరక. 1893లో గానీ దానికి పేటెంటు తీసుకోలేదు. అప్పటికి లాంకెన్‌స్పెర్గర్ జవాబు వయసు 77 ఏళ్ళు.

ఎందుకింత ఆలస్యం? నాకు తోచిన కారణం ఇది. పాత పద్ధతిలో అరిగేది మధ్యలో ఒక్క శీల. కొత్తదాంట్లో రెండు కింగ్‌పిన్‌లు, వాటిని కలిపే కడ్డీ, దాని రెండు చివర్లా కీళ్ళు. దేంట్లో వదులొచ్చినా చక్రం వణుకుతుంది. డిజైను తెలివైనదే, దాన్ని రోజూ బతికించే సరంజామా ఇంకా రాలేదు. ఆ సరంజామా నెమ్మదిగా వచ్చింది. సెయింట్ లూయిస్‌లో బళ్ళు చేసే హెన్రీ టిమ్కెన్ 1898లో కోను ఆకారపు రోలర్ బేరింగ్‌కి పేటెంటు తీసుకున్నాడు. పైనుంచి పడే బరువునీ, మలుపులో పక్కనుంచి వచ్చే తోపుడునీ రెంటినీ అది మోస్తుంది. ఆస్కార్ జెర్క్ పేరుతో పిలిచే గ్రీజు నిప్పల్‌కి 1929లో పేటెంటు వచ్చింది.

ఈ మాటలు పుస్తకంలో చదవడం వేరు, ఇంటి ముందు పాత వ్యాన్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి హబ్ విప్పడం వేరు. నేనూ మా నాన్నా ఆ పని చేసినప్పుడు సగం రోజు కడగడానికే పోయింది. పళ్ళెంలో కిరసనాయిలు పోసి బేరింగులు కడిగి, రోలర్ల మీద గుంటలు, నీలం రంగు ఉన్నాయేమో చూశాం. ఎడమవి ఎడమకే, కుడివి కుడికే: అరిగిన జతల్ని మార్చకూడదని నాన్న పేపరు మీద వరసగా పేర్చారు. అరచేతిలో గ్రీజు పెట్టుకుని రోలర్ల సందుల్లోకి ఒత్తాలి. బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, మళ్ళీ తేలిగ్గా పట్టించాలి. ఎక్కువైతే వేడెక్కి మాడిపోతుంది, తక్కువైతే ఊగుతుంది. చివర్లో కొత్త స్ప్లిట్ పిన్. "ఇదే మన కడచీల" అన్నారు నాన్న. నిజమే, ఎడ్లబండిలో చక్రం ఊడకుండా ఆపేదీ ఇలాంటి చిన్న ముక్కే. ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపి ఇరుసుకి కందెన పెట్టిన రైతు చేసింది కూడా ఇదే పని.

ఇప్పటి కార్లలో చాలావాటికి సీలు వేసిన హబ్ యూనిట్లు. గ్రీజు పెట్టే బాధ లేదు, పాడైతే మొత్తం మార్చడమే. సుఖమే, కాదనను. కానీ విప్పి చూసే వీలు పోతే, పాడవుతున్న సంగతి శబ్దం వచ్చాకే తెలుస్తుంది, బిల్లు కూడా అప్పుడే తెలుస్తుంది. లారీల ముందు ఇరుసుల్లో మాత్రం కింగ్‌పిన్‌లు ఇంకా ఉన్నాయి, వాటిలో చాలావాటికి గ్రీజు గన్ పట్టుకున్న మనిషి ఇంకా కావాలి.

1816లో గీసిన బొమ్మ గొప్పదే. ఆ బొమ్మ రోడ్డెక్కి నిలబడింది మాత్రం పేరు లేని ఇలాంటి మనుషుల చేతుల మీద. ఈసారి ఎవరైనా "నేను మెయింటెనెన్స్‌లో ఉన్నానండీ" అని నసుగుతూ చెబితే, వాళ్ళ చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపండి. కడచీల వాళ్ళ దగ్గరే ఉంది.