నేల విడిచిన ఇళ్లలో కరెంటు: కోనసీమ గూటిపడవల నుంచి కారవాన్ల దాకా

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల మధ్య ఒదిగి, నడుమ వైనతేయ చీల్చిన కోనసీమలో కదిలే ఇల్లు రోడ్ల కంటే ముందే కాలువల మీద పుట్టింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, మధ్య డెల్టా కాలువ లొల్ల లాకుల వద్ద చీలి, ఒక శాఖ అమలాపురం వైపు, మరొకటి గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు సీమకు సాగిన తరువాత, ఆ కాలువలు పైరుకు ఎంత పనికివచ్చాయో రాకపోకలకూ అంతే పనికివచ్చాయి. ధాన్యాన్ని, కొబ్బరిని, మనుషులను మోసిన పడవల్లో, ముఖ్యంగా పైకప్పు వేసిన గూటిపడవల్లో, పడవవాళ్లు వండుకొని, తిని, అక్కడే నిద్రించేవారు. రాత్రి ప్రయాణానికి వారికి ఉన్నది కిరసనాయిలు లాంతరు; ఎండిన ఆకు కప్పు కింద ఆ మంటను ఎక్కడ వేలాడదీయాలి, పొయ్యిని ఎంత మట్టి పరచి పెట్టాలి అన్నదే ఆనాటి భద్రతాశాస్త్రం. అందులో ప్రమాదం కంటికి కనిపించేది, ముక్కుకు తగిలేది. కదిలే ఇంటికి విద్యుత్తు వచ్చాక ఆ రెండు సూచనలూ పోయాయి. తరువాతి చరిత్రకు మలుపు ఇదే.

పల్లెల్లో స్తంభాలు లేవక ముందే కరెంటును ఊరూరా తిప్పినవి టూరింగ్ టాకీసులు. డేరా వెనుక ఆయిల్ ఇంజనుతో డైనమోను తిప్పి, ఆ విద్యుత్తుతో ప్రొజెక్టరులో ఆర్క్ దీపాన్ని, అంటే రెండు బొగ్గు కడ్డీల మధ్య ఎగసే తీవ్రమైన వెలుగును, వెలిగించేవారు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము సులువుగా అంటుకొనేది కనుక, 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రేక్షకుల భద్రతకు తగిన ఏర్పాట్లు ఉంటేనే ప్రదర్శనశాలకు లైసెన్సు ఇవ్వాలని నిర్దేశించింది. డేరాకు పట్టిన ఈ నియమం పడవకూ బండికీ పట్టడానికి చాలాకాలం పట్టింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలై, క్రమంగా గ్రామాలకు తీగలు పాకిన తరువాత కరెంటు అంటే స్తంభం నుంచి ఇంటికి వచ్చేది అన్న భావన స్థిరపడింది. ఇంటి వైరింగులో ఆరితేరిన పనివాడికి బండి వైరింగు కూడా తెలిసే ఉంటుందన్న నమ్మకం దానితోపాటే వచ్చింది. ఆ నమ్మకంలోనే చిక్కు ఉంది.

తెలుగువారు ఎక్కువగా ఎరిగిన కదిలే నివాసం చైతన్యరథం. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన ఎన్.టి.రామారావు, 1983 జనవరి ఎన్నికల దాకా పాత షెవర్లే వ్యానును మార్పించిన ఈ వాహనంలో రాష్ట్రమంతా తిరిగారు. లోపల విశ్రాంతికి చోటు, పైన ఉపన్యాసానికి వేదిక, మైకులు, దీపాలు ఉన్న ఆ బండి ఒకే సమయంలో ఇల్లూ సభాస్థలీ అయింది. సినిమా వారి కారవాన్ కూడా ఇదే కోవలోనిది. కోనసీమ కొబ్బరితోటల్లో షూటింగు జరిగేటప్పుడు కారవాన్‌తోపాటు జనరేటర్ వ్యాను కూడా కనిపిస్తుంది. ఇల్లు ఒక బండిలో, దాని కరెంటు మరో బండిలో.

ఇటువంటి ఇంట్లో రెండు విద్యుత్ వ్యవస్థలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల ఏకదిశా ప్రవాహం, రెండోది జనరేటరో గట్టు మీది కనెక్షనో ఇచ్చే 230 వోల్టుల ప్రత్యావర్తన ప్రవాహం, అంటే సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మార్చుకొనేది. 12 వోల్టులు మామూలుగా షాకు కొట్టవు కనుక వాటిని చిన్నచూపు చూడటం పరిపాటి. కానీ 1500 వాట్ల ఏసీకి 230 వోల్టుల వద్ద సుమారు ఆరున్నర ఆంపియర్లు చాలు; అదే ఏసీని ఇన్వర్టరు ద్వారా నడిపితే బ్యాటరీ నుంచి 125 ఆంపియర్లకు పైగా లాగుతుంది. సన్నని తీగ ఆ ప్రవాహానికి కాలిపోతుంది. అందుకే తీగ లావుగా ఉండాలి, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు దూరంగా ఉంటే బ్యాటరీకీ దానికీ మధ్య ఉన్న తీగకు రక్షణ ఉండదు. చార్జింగు సమయంలో సీసం–ఆమ్లం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది; గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలగలదు కనుక బ్యాటరీని మంచం కింద మూసిన పెట్టెలో ఉంచరాదు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలికి తీగల కొసలు పచ్చగా చిలుము పట్టి, బిగుతు సడలి, వేడెక్కుతాయి కూడా.

అసలు తేడా మాత్రం ఎర్త్‌లో ఉంది. ఇంటి పెరట్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి పాతిన కడ్డీ, లోపం వచ్చిన పరికరం నుంచి కరెంటును నేలలోకి పంపుతుంది. కొద్దిగా తవ్వితే నీరు పడే కోనసీమలో ఈ పని మరీ సులువు. రబ్బరు టైర్ల మీది బండికి ఆ నేల లేదు. తడి నేలపై చెప్పులు లేకుండా నిలబడి బండి తలుపు పట్టుకొన్న మనిషే, లోపం ఉన్నచోట, ఆ ఎర్త్ అవుతాడు. కాబట్టి బయటి కనెక్షనుకు మూడో తీగ, అంటే ఎర్త్ తీగ, తప్పనిసరి. బండి లోహదేహాన్ని దానితో కలపాలి. సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల లీకుకే సరఫరాను తెంపే ఆర్‌సీసీబీ ఉండాలి. తాత్కాలిక వైరింగులో ఫేజూ న్యూట్రలూ తారుమారు కావడం మామూలే కనుక రెంటినీ ఒకేసారి తెంపే స్విచ్చు వాడాలి. పొడవైన తీగను చుట్టగా వదలక పూర్తిగా విప్పి పరచాలి. చుట్టలో పుట్టిన వేడికి బయటికి దారి ఉండదు.

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో తోటలతోపాటు కరెంటు స్తంభాలనూ నేలకూల్చింది. అటువంటి వేళ జనరేటరును మెయిన్ లైను నుంచి వేరుచేయకుండా కలిపితే, విద్యుత్తు వెనక్కి పారి, లైను మీద పనిచేసే మనిషిని చంపగలదు. ఛేంజోవర్ స్విచ్చు ఉన్నది ఇందుకే: రెండు సరఫరాలు ఎన్నడూ ఒకేసారి కలవకుండా చూడటానికి. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. నిద్రించే గది కిటికీ పక్కన దానిని నడపడం ప్రాణాంతకం.

దిండి వద్ద వసిష్ఠ పాయలో పర్యాటక శాఖ ప్రవేశపెట్టిన ఏసీ హౌస్‌బోట్లతో కదిలే ఇల్లు మళ్లీ నీటి మీదికే చేరింది. ఎగువన 2018 మే 11న దేవీపట్నం వద్ద పాపికొండల పర్యాటక బోటు అంటుకొన్నప్పుడు ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. షార్ట్ సర్క్యూటే కారణమై ఉండవచ్చని అప్పట్లో వార్తలు వచ్చాయి. కారవాన్లు నిలిపే పార్కుల్లోని సరఫరాకూ రేవుల్లోని సరఫరాకూ అంతర్జాతీయ ప్రమాణాల్లో విడివిడి భాగాలు ఉన్నాయి. ఆ రెంటిలోనూ రక్షణ బండిలోనో బోటులోనో మొదలుకాదు. సరఫరా అందించే గట్టు మీది పెట్టెలోనే, ఒక్కో సాకెట్టుకు ఒక్కో ఆర్‌సీసీబీతో, మొదలవుతుంది.