చేతుల చరిత్ర – 9: ఎడమ చేతి తుపాకీ



పోయిన వారం డప్పు గురించి రాశాను. ఈ వారం తుపాకీ గురించి రాస్తున్నాను. "నీకు తుపాకీతో ఏం పని అన్నా?" అని అడుగుతారు. పని నాది కాదు, మా అక్క కొడుకుది.

వాడు డల్లాస్‌లో ఉంటాడు. చదువు అయిపోయి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న రోజుల్లో అక్కడి మనవాళ్లు గది ఇచ్చే ముందు ఇంటిపేరు అడిగారు, తర్వాత ఊరు, తర్వాత ఊర్లో ఏ వైపు అని. చివరికి గది లేదన్నారు. అప్పుడు ఒక నల్లజాతి పెద్దాయన తన ఇంట్లో ఆరు నెలలు ఉంచుకున్నాడు. ఆయన ఇంటిపేరు అడగలేదు, తిన్నావా అని అడిగాడు. ఆ పెద్దాయనకు ఇప్పుడు డెబ్బై నిండుతున్నాయి. పుట్టింది మిసిసిపీలో. చిన్నప్పటి నుంచి జింకల వేట అలవాటు. పిల్లలు ఆయన్ని ఆఫ్రికాకు అడవి దున్నల వేటకు పంపిస్తున్నారు. మావాడు, ఇంకో ముగ్గురు దోస్తులు కలిసి డబ్బులేసుకుని ఆయనకు పెద్ద రైఫిల్ ఒకటి బహుమతి ఇద్దామనుకున్నారు. చిక్కల్లా ఒక్కటే, ఆయన ఎడమచేతివాటం మనిషి.

"మామా, నువ్వు గూడ ఎడమచేతోనివే గద. కుడిచేతి వస్తువుతోని ఎక్కడ తిప్పలైతదో నీకే తెలుస్తది. జర చెప్పు" అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. "అరేయ్, మీ ముత్తాత కాలు ఎట్ల ఇరిగిందో తెలుసారా నీకు?" అన్నాను. "తెల్వది మామా" అన్నాడు. తప్పు వాడిది కాదు. మేము చెప్పలేదు. అందుకే ఈ భాగం రాస్తున్నాను. వాడితో పాటు మీరూ చదవండి.

ముందు ఎడమ చేయి సంగతి. నేను ఒకటో తరగతిలో ఎడమ చేత్తో పలక మీద అక్షరం దిద్దితే సారు బెత్తంతో వేళ్ల మీద కొట్టాడు. "అసలే ఆ వాడ, పైగా ఆ చెయ్యి" అన్నాడు. ఆ మాటలో రెండు అంటుళ్లున్నాయి, ఒకటి పుట్టుకది, రెండోది చేతిది. ఈ రెండింటినీ ముడేసింది ఆ సారు ఒక్కడే కాదు. దక్షిణ భారతంలో కులాలనే కుడి చేయి, ఎడమ చేయి అని రెండు పక్షాలుగా విడగొట్టారు. చోళుల కాలపు శాసనాల్లోనే ఈ పేర్లు కనిపిస్తాయి. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ కోట కట్టిన కొద్ది ఏళ్లకే, 1650ల్లో, ఈ రెండు పక్షాలు వీధుల కోసం కొట్టుకున్నాయి. 1707లో మళ్లీ గొడవలు లేచాయి. ఎవరి ఊరేగింపు ఏ వీధిలో పోవాలి, ఎవరి పెళ్లి ఏ వీధిలో జరగాలి అన్నదే తగాదా. చివరికి పెద్దనాయకన్‌పేట కుడి వాళ్లకు, ముత్యాల్‌పేట ఎడమ వాళ్లకు అని పంచుకున్నారు. మాల, పరయ కులాలను కుడి పక్షంలో, మాదిగలను, అరుంధతీయులను ఎడమ పక్షంలో పెట్టారు. కర్ణాటకలో ఈ రోజుకూ మనవాళ్లను ఎడగై, బలగై అనే పిలుస్తారు. ఒకే దేహానికి ఉన్న రెండు చేతులను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పిన తెలివి అది. ఆ దేహానికి తల ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

డప్పు మాత్రం ఈ తెలివిని ఒప్పుకోదు. కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. ఏది ఆగినా దరువు లేదు.

ఇప్పుడు తుపాకీ దగ్గరికి వద్దాం. మావాడికి నేను చెప్పడానికి నెల రోజులు చదవాల్సి వచ్చింది. ప్రపంచంలో ఎక్కువ వేట రైఫిళ్లకు మూలం 1898 నాటి జర్మనీ మౌజర్. దాని బోల్టు పిడి కుడి వైపు ఉంటుంది. కుడిచేతివాడు కాల్చిన తర్వాత అదే చేత్తో పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, ఇంకో తూటా ఎక్కిస్తాడు. తుపాకీ భుజం మీద నుంచి కదలదు. ఎడమచేతివాడు అదే తుపాకీ పట్టుకుంటే ట్రిగ్గర్ మీద చేయి తీసి, తుపాకీ పైనుంచి అవతలికి చాపి పిడి అందుకోవాలి. ఈలోపు గురి పోతుంది. జింక అయితే పారిపోతుంది, అంతే. గాయపడ్డ ఆఫ్రికా దున్న పారిపోదు, మీదికి వస్తుంది. ఎడమ చేతికి వీలుగా బోల్టు పెట్టిన రైఫిల్‌ను పెద్ద సంఖ్యలో తయారు చేసి మామూలు ధరకు అమ్మింది మొదట అమెరికాలోని శావేజ్ కంపెనీ, 1959లో. అంటే మౌజర్ వచ్చిన అరవై ఏళ్లకు. అంతకుముందు ఎడమచేతివాడికి కావాలంటే ప్రత్యేకంగా చేయించుకోవాలి. అది డబ్బున్న వాళ్ల పని. పెద్దాయన తండ్రి కొన్న రైఫిల్ కుడిచేతిదే. డెబ్బై ఏళ్లూ ఆయన పైనుంచి చేయి చాపుతూనే వేటాడాడు. ఆ మాట విన్నాక నా కోపం సగం దిగింది. మనకు తెలియని బతుకా అది!

లండన్ దొరలకు ఈ బాధ తక్కువ. వాళ్లు రెండు గొట్టాల రైఫిళ్లు చేయించుకునేవాళ్లు. వాటికి బోల్టే ఉండదు. అయినా కర్ర మాత్రం మనిషి కొలతకు చెయ్యాలి. కర్ర కొద్దిగా కుడికి వంగితే కుడి భుజానికి, ఎడమకు వంగితే ఎడమ భుజానికి కుదురుతుంది. చెంప ఆనే ఉబ్బు కూడా ఎడమచేతివాడికి కుడి పక్కన ఉండాలి. మన దర్జీ చొక్కాకు కొలతలు తీసుకున్నట్టు వాళ్లు చేయి పొడుగు, మెడ పొడుగు, భుజం వెడల్పు కొలిచేవాళ్లు. చేయి ఒక్కటే కాదు, ఏ కన్ను గురి చూస్తుందన్నదీ అడిగేవాళ్లు.

ఇలాంటి బహుమతి తుపాకుల్లో పేరుమోసినది 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్‌కు ఇచ్చింది. అమెరికా అధ్యక్ష పదవి దిగి ఆఫ్రికా వేటకు బయలుదేరిన ఆయనకు ఇంగ్లండు పెద్దమనుషులు యాభై మందికి పైగా కలిసి హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ రెండు గొట్టాల రైఫిల్ చేయించి ఇచ్చారు. ఆయన, ఆయన కొడుకు కర్మిట్ కలిసి ఆ యాత్రలో 512 జంతువులను కాల్చారు. వాళ్ల సామాను మోసిన ఆఫ్రికా మనుషులు రెండు వందలకు పైనే. ఇచ్చిన వాళ్ల పేర్లు చరిత్రలో పదిలంగా ఉన్నాయి. మోసిన వాళ్ల పేర్లకు ఆ భాగ్యం లేదు.

మన దేశంలో పేరున్నది జిమ్ కార్బెట్ రైఫిల్. 1907లో చంపావత్‌లో మనుషుల్ని తినే ఆడపులిని చంపినందుకు సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూయెట్ ఆయనకు రిగ్బీ కంపెనీ .275 రైఫిల్ ఇచ్చాడు. ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు, ఎందుకు అన్నదంతా వెండి రేకు మీద చెక్కించి కర్రకు బిగించారు. అదే కార్బెట్ మొకామా ఘాట్‌లో రైల్వే సరుకుల కాంట్రాక్టు నడిపినప్పుడు బొగ్గు మోసే కూలీల ముఠాను నడిపింది చమారి అనే అంటరాని మనిషి. కార్బెట్ 1952లో అచ్చయిన 'మై ఇండియా' పుస్తకంలో అతని మీద ఒక అధ్యాయమే రాశాడు. అందుకు కార్బెట్‌ను మెచ్చుకుంటాను. పేరు రాశాడు కాబట్టే ఈ రోజు మనం చమారి అని పలుకుతున్నాం.

ఇక అసలు ప్రశ్న. తుపాకీ ఎవరి చేతిలో ఉండొచ్చని ఎవరు తేల్చారు?

1878లో లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. సంస్థానాధీశులకూ కొందరు పెద్దలకూ మినహాయింపులు దొరికాయి. 1892లో మహార్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారుగా పనిచేసిన సైన్యం అది. మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ దాని మీద విన్నపం రాశాడు. తుపాకీ పట్టి గెలిపించిన చేతులు ఒక్క కాగితంతో పనికిరానివైపోయాయి. పుట్టుకతో వీరులైన కులాలు కొన్ని, కాని కులాలు కొన్ని అన్న సిద్ధాంతం అది. మనువు రాసినదే ఇంగ్లీషులో రాసుకున్నారు.

ఇంకో ముచ్చట వినండి. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి .450 కొలత వేట తూటాలు రాకుండా నిషేధించింది. పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిళ్లది కూడా అదే కొలత. ఆ గుళ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయని భయం. దాంతో లండన్ కంపెనీలు దొరల వేట ఆగకుండా .465, .470, .475 అని కొత్త కొలతలు పట్టుకొచ్చాయి. ఈ రోజు వేటగాళ్లు గొప్పగా చెప్పుకునే ఆ అంకెల వెనుక ఉన్నది మన జనం అంటే వాళ్లకున్న భయం. మావాడు ఆ అంకెలు చూపించి "ఏది మంచిది మామా?" అని అడిగితే ముందు ఈ సంగతే చెప్పాను.

పెద్దాయన సొంత రాష్ట్రం కథ కూడా ఇదే. బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ ప్రభుత్వం నల్లవాళ్ల మీద చట్టాలు తెచ్చింది. సైన్యంలో లేని నల్లవాడు స్థానిక బోర్డు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. అక్కడా లైసెన్సే, ఇక్కడా లైసెన్సే. 1997 డిసెంబరు 1 రాత్రి బీహారులోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపినప్పుడు తుపాకులు ఎవరి దగ్గరున్నాయో, ఎవరి దగ్గర లేవో లోకమంతా చూసింది. దానికి రెండేళ్ల ముందే, 1995లో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు వచ్చాయి. అత్యాచారాలు జరిగే ప్రాంతాల్లో దళితేతరుల తుపాకీ లైసెన్సులు రద్దు చేయవచ్చనీ, అవసరమైతే దళితులకు, ఆదివాసులకు లైసెన్సులు ఇవ్వవచ్చనీ మూడో నియమంలో ఉంది. ఎంతమందికి ఇచ్చారని మీ జిల్లా కలెక్టరాఫీసులో అడిగి చూడండి. తుపాకులు పట్టమని నేను చెప్పడం లేదు. కాగితం మీద ఉన్న హక్కు గురించి చెప్తున్నాను.

ఇక మా తాత కాలు.

1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యంలో వేటకు వచ్చాడు. మన వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర విడిది. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటో ఇప్పటికీ ఉంది. వైస్రాయి, ఆయన భార్య, వాళ్ల ముందు చచ్చిన పులి. పులి తనంతట తాను వచ్చి తుపాకీ ముందు నిలబడదు. అడివిని మూడు దిక్కుల నుంచి డప్పులతో, కేకలతో తోలుకుంటూ రావాలి. మంచె మీద కూర్చున్న దొర ముందుకు దాన్ని తరమాలి. ఈ పని ఊరి వెట్టివాళ్లది. దొర చేతిలో తుపాకీ, మనవాళ్ల చేతిలో సిర్ర.

అదే పద్ధతి మా తాత కాలం దాకా నడిచింది. మా ఊరి దొర పట్నం చుట్టాలను పిలిచి పాకాల వైపు అడివిలో షికారు పెట్టాడు. మాదిగవాడ మొగోళ్లంతా డప్పులతో వరసకట్టి అడివి తోలారు. అడివిపంది ముందుకు పోకుండా వెనక్కి తిరిగి వరస మీద పడింది. మా తాత కుడి కాలు మోకాలి కింద విరిగింది. దొర రెండు మానికల జొన్నలు కొలిపించాడు. పంది మాంసం వాళ్లు పంచుకున్నారు. విరిగిన కాలు మాకొచ్చింది. "తుపాకి సప్పుడు ఇన్న గని తుపాకిని సూడలే బిడ్డా" అనేవాడు తాత.

ఇదంతా ఫోనులో చెప్తే మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే వద్దంటవా మామా?" అన్నాడు.

నేను వేటను మెచ్చేవాణ్ని కాదు. మన దేశంలో 1972 చట్టం వేటను ఆపింది, మంచిదే. కానీ ఆ పెద్దాయన చేయి డెబ్బై ఏళ్లు అవతలి వైపుకు చాపి అలిసిపోయిన చేయి. తన కొలతకు చేసిన వస్తువు ఒక్కసారైనా పట్టుకోవడానికి ఆయనకు హక్కుంది. వద్దనలేదు.

ఇద్దరం కలిసి తేల్చింది ఇది. .458 వద్దు. డెబ్బై ఏళ్ల భుజానికి ఆ తన్ను ఎక్కువ. 1912 నాటి .375 చాలు. చాలా ఆఫ్రికా దేశాల్లో పెద్ద జంతువులకు కనీసం అదే కావాలంటారు. బోల్టు ఎడమ వైపుది. కర్ర ఆయన పాత కోటు చేతిని కొలిచి పొడుగు కుదించాలి, కొద్దిగా ఎడమకు వంచాలి. చెంప ఉబ్బు కుడి పక్కకు. వెనక మందపాటి రబ్బరు మెత్త. పట్టీ కొక్కెం కర్రకు కాకుండా గొట్టానికి బిగించాలి, లేకపోతే తన్నినప్పుడు ముందు చేతికి తగులుతుంది. దగ్గరి గురికి మామూలు ఇనుప గురే చాలు.

చివరికి వెండి రేకు మిగిలింది. "మా నలుగురి పేర్లు రాయించమంటవా?" అన్నాడు. రూజ్‌వెల్ట్ తుపాకీ, కార్బెట్ రేకు గుర్తుచేశాను. "ఇచ్చినోళ్ల పేర్లు చాన రాసిన్రురా. పెద్దాయనను వాళ్ల తాత పేరు అడుగు. తుపాకి ఉంచుకోనీయని ఆ తాత పేరు" అన్నాను.

నాలుగు రోజులకు ఫోను చేశాడు. పెద్దాయన పేరు చెప్పి కాసేపు కళ్లు తుడుచుకున్నాడట. తర్వాత "మీ ముత్తాత పేరేంటి?" అని మావాణ్ని అడిగాడట. "నాకు తెల్వదని చెప్పలేక రేపు చెప్తనన్న మామా. ఆ పేరు గూడ పక్కనే రాయించాల్నంటున్నడు."

చెప్పాను. ఇంగ్లీషులో స్పెల్లింగు అడిగాడు. ఆ పేరును ఇంగ్లీషులో ఎవరూ ఎప్పుడూ రాయలేదు. ఇద్దరం కూడబలుక్కుని రాశాం.

మీ ఇళ్లలో అడివి తోలిన తాతలుంటే, మోసిన ముత్తాతలుంటే వాళ్ల పేర్లు పిల్లలకు ఈ రోజే చెప్పండి. నాకూ రాయండి, దాచిపెడతాను. వచ్చే వారం తోలు గురించి, దాన్ని శుభ్రం చేసిన చేతుల గురించి.

జై భీమ్.