వెండితెర అన్నమయ్యలో కనిపించని శాస్త్రకారుడు

ఫిల్మ్ నగర్‌లో భక్తి చిత్రాల రచయితలతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం కలిగేది. భక్తుడి కథ అనగానే వాళ్లు ముందుగా వెతికేది కన్నీళ్లు, ఆ తరువాత రాజుతో తగవు. ఆ భక్తుడు ఏం చదివాడు, ఎవరి దగ్గర చదివాడు అన్నది కథాచర్చల్లోకే రాదు. ఇందుకు ఫిల్మ్ నగర్‌ను మాత్రమే తప్పుపట్టలేం. చదువులేని అన్నమయ్యను వాళ్ల చేతికిచ్చింది మన విమర్శకులే.

వారిలో పేరున్న ఆచార్యులొకరు అన్నమయ్యది శాస్త్రమెరుగని సహజధార అని తేల్చారు. లాలిపాటలూ సువ్విపాటలూ చూపించి వాదం ముగించారు. పామరుల నుడికారాన్ని ఏరి వాడుకోవడం వేరు, పామరుడై ఉండడం వేరు. ఇంత చిన్న తేడా అంతటివారికి ఆనకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

'సంకీర్తన లక్షణం' సంగతే చూద్దాం. అన్నమయ్య దాన్ని సంస్కృతంలో రచించాడు. కొడుకు పెదతిరుమలాచార్యుడు వ్యాఖ్య రాశాడు. మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగు చేశాడు. మూలం పోయింది, మనుమడి తెలుగే మిగిలింది. పదం పాడినవాడే పదానికి లక్షణమూ చెప్పాడంటే అది ఒళ్లు మరిచిన పారవశ్యం ఒక్కటే కాదు. అహోబిలంలో శఠకోప యతి దగ్గర ఆయన చేసిన శుశ్రూషను మరో మనుమడు చిన్నన్న రాసిన ద్విపద చెబుతూనే ఉంది.

తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకు ఇంకా గట్టి సాక్ష్యం. పదహారేళ్ల బాలుడికి స్వామి ప్రత్యక్షమైంది శక 1346 క్రోధి సంవత్సరమట. పరమపదించింది శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి. దైవదర్శనానికి కూడా శకసంవత్సరం వేసుకున్న ఇల్లు అది! రేకుల్లో కీర్తన కీర్తనకూ రాగం పేరుంది, అధ్యాత్మం, శృంగారం అని విభజన ఉంది. చెక్కించింది కొడుకు కదా అనవచ్చు. అయినా ఆ క్రమం తండ్రి నేర్పిందే అయ్యుండాలి.

ఐరోపాలో పునీత తోమా అక్వినాసు (1225–1274) 'సుమ్మా థియొలాజికా' రాసిన చేత్తోనే క్రీస్తు శరీర మహోత్సవానికి గీతాలు కట్టాడు. ఆ గీతాలు చూపి ఆయనకు తర్కం రాదని అక్కడ ఎవరూ అనరు. 1323లో పునీతుడిగా ప్రకటించింది ఆ పండితుణ్ణే.

కె. రాఘవేంద్రరావు 'అన్నమయ్య' (1997) చూసినవారికి గుర్తుండేది మరదళ్లతో సరసం, సంకెళ్లు, చివరి ఐక్యం. రాజు సాళువ నరసింహుడు తన మీద పదం కట్టమని అడిగింది ఎవరిని? పదవిద్యలో ఆరితేరినవాణ్ణి. ఆ సంకెళ్ల ఘట్టం భక్తికి పరీక్ష అయినంతగా పాండిత్యానికి పడిన గిరాకీ కూడా. తెర మీద రెండోది మాయమైంది. జె.కె. భారవి 'జగద్గురు ఆదిశంకర' (2013)లో పండితుడు కథానాయకుడైన మాట నిజమే, కానీ అది మినహాయింపే.

పాండిత్యాన్ని మరుగుపరిచే ఈ జాడ్యం ఫిల్మ్ నగర్ పుట్టకముందే పట్టుకుంది. 1940ల నాటి 'భక్త పోతన' నుంచీ తెలుగు ప్రేక్షకుడికి నాగలి పట్టిన పోతనే కళ్లకు కట్టాడు. సంస్కృత భాగవతాన్ని ముందు పెట్టుకుని ఏ మాట ఉంచాలో, ఏది పెంచాలో నిర్ణయించుకున్న పోతన ఇంకా తెర ఎక్కనే లేదు. చదువుకున్నవాడు దేవుడికి దూరమన్న నమ్మకం తెలుగునాట ఇంతగా పాతుకుపోయిందంటే అందుకు ఈ చిత్రాలు కూడా కారణమే.