తోట, దొడ్డి, మంద: ఉత్తర తెలంగాణ చిన్న రైతు కుటుంబ జీవనం – చారిత్రక పరిశీలన

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) తెలుగువారి తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారాల చరిత్రను ప్రధానంగా కావ్యాల ఆధారంగా నిర్మించింది. ఆ పద్ధతి ఎంత ఫలవంతమైనదో తెలుగు పరిశోధకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చిన్న రైతు కుటుంబం విషయానికి వచ్చేసరికి కావ్యసాక్ష్యం పలచబడుతుంది. నాలుగెకరాల చెలక, ఒక బావి, బావి చుట్టూ పది చెట్లు, దొడ్డిలో జత ఎడ్లు, ఒక బర్రె, పది జీవాలు గల ఇంటిని వర్ణించవలసిన అవసరం ఏ ప్రబంధకవికీ కలగలేదు. ఆధునిక చరిత్ర రచన ఈ ప్రాంతాన్ని ప్రధానంగా ఉద్యమాల ద్వారా చూసింది. 1940లో జోడేఘాట్, 1978లో జగిత్యాల, 1981లో ఇంద్రవెల్లి ఈ చరిత్రలోని మైలురాళ్లు. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' వంటి నవలలను కూడా విమర్శకులు ఉద్యమ సాహిత్యంగానే చదివారు. ఆ చదువు న్యాయమైనదే. కాని సభకు నడిచి వెళ్లిన మనిషి ఆ తెల్లవారుజామున ఇంట్లో ఏ పనులు ముగించుకొని బయలుదేరాడు, సాయంత్రం అతడు తిరిగి వచ్చేవరకు దొడ్డిని ఎవరు చూశారు అన్న ప్రశ్నలు ఆ చదువులో పక్కకు పోయాయి.

ఈ వ్యాసం ఆ పక్కకు పోయిన భాగాన్ని పరిశీలిస్తుంది. చిన్న కమతంలో తోట, పశువులు, సేద్యం మూడు వేరువేరు వృత్తులు కావు. నీరు, పెంట, మేత, మనిషి కష్టం ఒకదాని నుండి మరొకదానికి తిరిగే ఒకే చక్రం అది. అడవి చట్టం, కరెంటు మోటారు, ట్రాక్టరు, తోట గుత్త వీటిలో ఏది వచ్చినా ఆ చక్రంలో ఒక ఆకు విరిగింది. విరిగిన ప్రతిసారీ ఇంట్లో ఎవరి పని పెరిగింది, ఎవరి చేతికి పైసలు వచ్చాయి అన్నది కూడా మారింది.

ముందుగా భూమి పేర్లను చూడాలి. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ జిల్లా అయింది. 1872లో ఏర్పడిన సిర్పూర్-తాండూర్ ఉపజిల్లా అదే 1905లో ఆదిలాబాద్ పేరుతో పూర్తి జిల్లా అయింది. నిజాం రెవిన్యూ లెక్కల్లో భూమి ఖుష్కి, తరి, బాగాతు అని మూడు విధాలు. ఖుష్కి మెట్ట, తరి మాగాణి, బాగాతు బావి కింద పండే తోట భూమి. ఊరి జనం నోట ఇవే చెలక, పొలం, తోట. రెండు వరుసలూ ఒకటే అనిపిస్తుంది కాని కాదు. పట్వారీకి బాగాతు అంటే శిస్తు రేటు. రైతుకు తోట అంటే బావి చుట్టూ ఉన్న బతుకు. నాలుగు నాటు మామిళ్లు, ఒక చింత, జామ, నిమ్మ, మునగ, వాటి నీడ పడనిచోట వంగ, మిరప, జగిత్యాల, మెట్‌పల్లి వైపైతే పసుపు. పండ్లలో ఎక్కువ భాగం ఇంటికి, చుట్టాలకు, ఊరగాయ జాడీకి పోయేది. అమ్మకం మిగిలినదానికే.

ఈ తోటకు ప్రాణం మోట. కరీంనగర్ జిల్లా సేద్యంలో బావుల పాత్ర మొదటినుంచీ పెద్దది. మోట పనితీరును కొంత వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఊరి వృత్తుల సంబంధాలన్నీ ఆ బావి గట్టు మీదనే ముడిపడ్డాయి. గట్టున రెండు గుంజల నడుమ గిరక ఉంటుంది. దాని మీదుగా పోయే మోకు తోలు బొక్కెన నోటికి, సన్నటి తాడు దాని తొండం కొసకు కట్టి ఉంటాయి. ఎడ్లు వాలుదారిలో కిందికి నడిస్తే బొక్కెన పైకి వస్తుంది. మోట కొట్టేవాడు బరువు కోసం మోకు మీద కూర్చుంటాడు. బొక్కెన గట్టుకు చేరగానే తొండం విచ్చుకొని నీరు తొట్టిలోకి, అక్కడినుంచి కాలువలోకి పోతుంది. తరువాత ఎడ్లు వెనక్కి అడుగులు వేస్తూ గట్టెక్కాలి. ముందుకు నడవడం ఏ ఎద్దుకైనా వస్తుంది. వెనక్కి నడవడం నేర్పాలి. అందువల్ల మోటకు అలవాటుపడిన జతకు సంతలో విలువ వేరు. తోలు బొక్కెన కుట్టేది మాదిగ, గిరక చెక్కేది వడ్రంగి, ఇనుప కడియం కొట్టేది కమ్మరి. వీరందరికీ కూలి పంట కళ్లంలో గింజల రూపంలో ముట్టేది. ఎండ ముదిరితే ఎడ్లు నిలవలేవు కనుక మోట చీకటితోనే మొదలయ్యేది. మోట పాటలు ఆ చీకటిలో పుట్టినవి. వాటిని శ్రామిక గేయాలుగా వర్గీకరించి వదిలేస్తే సరిపోదు. పాట నడక ఎద్దు నడకతో, దిగుడు, ఎక్కుడు దారులతో ఎలా కలిసిందో చూడవలసిన పని ఉంది.

మగవాడు బావి దగ్గర ఉన్న ఆ వేళకే ఇంట్లో స్త్రీ దినచర్య సగం నడిచి ఉంటుంది. వాకిట సాన్పి చల్లడం, కొట్టంలో పేడ ఎత్తి పెంటకుప్పకు చేర్చడం, లేగను విడిచి బర్రెను పితకడం, కుడితి కలపడం, కవ్వం ఆడించడం, గటక వండడం ఆమె వంతు. తవుడు, చిట్టు, గానుగ పిండి, కంది పొట్టు, జొన్న సొప్ప ఇవన్నీ ఇంటి పంటలోంచి మిగిలినవే. మనిషి తిన్నది పోగా పశువుకు, పశువు తిన్నది పోగా చెలకకు. పిడకలకు ఎంత పేడ, ఎరువుకు ఎంత పేడ అన్న నిర్ణయం కూడా ఆమెదే. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని మరుసటి ఏడాది పంటను ముందే నిర్ణయించే లెక్క అది. పాలు పల్లెలో సాధారణంగా సరుకు కాదు. సరుకైనది నెయ్యి. చల్లను అమ్ముకోవడం మర్యాద కాదు. ఇరుగుపొరుగువారు ముంత పట్టుకొని వస్తే పోయవలసిందే. తెలుగులో 'పాలు' క్షీరానికీ వాటాకూ ఒకే రూపం. పెయ్యను, మేకపిల్లను 'పాలుకు' ఇచ్చి పెంచుకునే పద్ధతిలో సొంత పశువు లేని ఇల్లు కూడా కొన్నేళ్లకు దొడ్డి కట్టుకోగలిగేది. రెండు మాటల పుట్టుక వేరైనా, ఈ ఊళ్లలో వాటి అర్థాలు ఒకే గుంజ దగ్గర కలిశాయి.

ఈ చక్రంలో గొల్ల, కురుమల మంద ఊరందరికీ సంబంధించినది. కోత అయిన చెలకలో, తోటలో రాత్రిళ్లు మంద పెట్టించుకొని రైతు గింజలు కొలిచేవాడు. ఎండాకాలం మందలు గోదావరి ఒడ్డుకు, ఆదిలాబాద్ అడవులకు సాగేవి. దక్కని గొర్రె ఉన్నితో కురుమలు గొంగడి నేసేవారు. వానకు, చలికి, పడకకు, కొలువుకు ఒకే గొంగడి. తరువాతి కాలంలో మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి వ్యాపించడంతో గొంగడి నేత అడుగంటింది. ఒగ్గు కథకులు చెప్పే మల్లన్న, బీరప్ప కథలు ఈ కాపరి కులాల ఆధారంతో నిలిచినవే. ఇక వేములవాడ రాజరాజేశ్వరునికి చెల్లించే కోడె మొక్కు పశువుకూ దైవానికీ ఉన్న ముడిని నేటికీ ప్రకటంగా చూపుతుంది. పెద్ద పంట పండితే, బిడ్డ పుడితే కోడెను కట్టడం అంటే ఇంటి నాగలి బలంలో ఒక భాగాన్ని దేవుని ముందు నిలపడమే.

ఈ చిత్రాన్ని చూసి పాత పల్లె స్వయంపోషకంగా, సుఖంగా ఉండేదని అనుకోవడం పొరపాటు. దొడ్డిలో ఏది పెరిగినా దాని మీద గడి చూపు ఉండేది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా పోరాటం మీది తన గ్రంథంలో వెట్టిని కులాలవారీగా వివరిస్తూ కాపరులు మందలోంచి గొర్రెను ఇచ్చుకోవలసిన స్థితిని నమోదు చేశారు. అధికారి ఊళ్లోకి వస్తే కోడి, మేక, నెయ్యి ఎవరి ఇంటినుంచి పోవాలో ముందే తెలుసు. దీనికి తోడు బందెలదొడ్డి. పశువు కంచె దాటిందన్న నెపంతో దానిని బంధించి దండుగ కట్టించుకోవడం చిన్న రైతుకు శిస్తు కంటే భారమైన సందర్భాలు ఉండేవి. బంచరాయి భూములు దొరల పట్టాల్లోకి జారినకొద్దీ మేత తగ్గింది, కంచె దాటే పశువు పెరిగింది, దండుగా పెరిగింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు దారితీసిన రైతు కూలీ ఆందోళనలో వెట్టి రద్దుతో పాటు వసూలు చేసిన దండుగులు తిరిగి ఇవ్వాలన్న కోరిక ఎందుకంత బలంగా ఉందో దొడ్డి వైపునుంచి చూస్తే తేటపడుతుంది. అక్టోబర్‌లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆదిలాబాద్‌లో ఇదే సమస్య అడవి రూపంలో ఎదురైంది. రిజర్వు గీత గోండు, కోలాం గూడేల సాగునే కాక మేతను కూడా నరికింది. కొమురం భీం పోరాటంలో 'జల్, జంగల్, జమీన్' అన్న నినాదం ప్రసిద్ధం. అందులో 'జంగల్' అనే మాటలో పశువుల మేత, వంటచెరకు, ఇప్పపువ్వు అన్నీ ఇమిడి ఉన్నాయి. పశువుల మేత మీద పన్ను ఆ పోరాటానికి తక్షణ కారణాలలో ఒకటి. భీం మరణానంతరం వచ్చిన హైమెండార్ఫ్ గోండుల జీవనాన్ని అధ్యయనం చేయడం, 1943లో మార్లవాయిలో గోండి ఉపాధ్యాయుల శిక్షణ మొదలుకావడం తెలిసినవే. శ్రావణ అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులద్ది ఊరేగించే పొలాల పండుగ ఈ జిల్లాలో నేటికీ ఘనంగా జరుగుతుంది. చాలా ఇళ్లలో ఇప్పుడు కడగడానికి ఎడ్లు లేవన్నది వేరే మాట.

ఎడ్లు ఎందుకు పోయాయి? ట్రాక్టరు వల్ల అన్నది తొందరపాటు సమాధానం. ట్రాక్టరు కంటే ముందే కరెంటు మోటారు వచ్చి మోటను ఆపింది. దున్నకం ఏడాదిలో కొన్ని వారాల పని, మోట నెలల తరబడి సాగే పని. మోట ఆగడంతో ఎడ్ల జతను ఏడాది పొడుగునా మేపడానికి ఉన్న పెద్ద కారణం పోయింది. దున్నకం ఒక్కదానికి అద్దె ట్రాక్టరు చాలు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు (శ్రీరాంసాగర్) ప్రాజెక్టు నీళ్లు కాకతీయ కాలువ ద్వారా వచ్చాక చాలా చెలకలు వరి పొలాలయ్యాయి. జొన్న తగ్గింది, దానితో సొప్ప తగ్గింది. కాలువ అందని గుట్టబోరు భూముల్లో మామిడి పెరిగింది.

ఈ మామిడి పాత బావి తోట కాదు. అంటు మొక్కలతో వరుసలు తీర్చిన తోట ఇది. బంగినపల్లి, దశేరి, హిమాయత్, తోతాపురి. (తోతాపురిని జనం 'కలెక్టర్ కాయ' అంటారు. రెవిన్యూ శాఖ పేరు పండుకు కూడా అంటుకున్న అరుదైన సందర్భమిది.) జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్ నుంచి కాయ ఉత్తరాది నగరాలకు పోతుంది. చిన్న రైతు చాలావరకు పూతమీదనో పిందెమీదనో తోటను గుత్తకు ఇస్తాడు. గాలివాన భయం గుత్తేదారుకు, తక్కువ ధర రైతుకు. అయితే పైసల లెక్కలో కనిపించని నష్టం మరొకటి ఉంది. తేనెమంచు పురుగుకు మందు కొట్టిన చెట్టు కింది గడ్డిని బర్రెకు వేయలేరు. గుత్త నడిచినన్నాళ్లు తోటలోకి సొంత పశువును కూడా తోలలేరు. తోటకూ దొడ్డికీ మధ్య ఉన్న దారి అలా మూతపడింది. పెంట బదులు సంచి ఎరువు, గడ్డి బదులు కొన్న దాణా వచ్చాయి. బర్రె కోసం గట్ల వెంట తిరిగి గడ్డి కోసుకురావడం స్త్రీ పనులలో కొత్తగా చేరింది.

ఈ దశలో స్త్రీ చేతికి ఆదాయం తెచ్చిన ప్రయత్నం ముల్కనూరుది. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి పూనికతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఇచ్చిన వెసులుబాటుతో 2000లో పూర్తిగా మహిళా సభ్యులతో 'స్వకృషి' పాల డెయిరీ మొదలైంది. పాలు సరుకు కావడం నెయ్యి, చల్లల ఇంటి వ్యవస్థను కరిగించిందన్న మాట నిజమే. కాని నెయ్యి అమ్మిన పైసలు ఎవరి జేబులో పడ్డాయన్న ప్రశ్నకు పాత వ్యవస్థలో లిఖిత జవాబు లేదు. ముల్కనూరు పాలపుస్తకంలో పేరు ఆమెది. చల్ల ముంత పోయినందుకు బాధపడేవారు ఈ మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్‌గా 75 శాతం రాయితీతో ఇచ్చింది. గొర్రెలు వచ్చాయి గాని బంచరాయి రాలేదు. మంద తిరిగే నేల సంగతి తేలనిదే మంద లెక్కకు చరిత్రలో పెద్ద అర్థం ఉండదు.

సాక్ష్యాల విషయంలో తెలుగు శాఖల పని ఇక్కడ ప్రత్యేకమైనది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. దానిని భాషాశాస్త్ర గ్రంథంగానే వాడుతున్నారు. మోటలు ఇంకా నడుస్తున్న రోజుల్లో, వాటిని నడిపినవారి నోటినుంచి సేకరించిన పదాలు కనుక అది ఇప్పుడు చరిత్రపత్రం కూడా. తలుగు, పలుపు, పగ్గం, ముకుతాడు అన్న నాలుగు మాటల మధ్య భేదం తెలిసిన చివరి తరం ఉత్తర తెలంగాణలో డెబ్బై ఏళ్లు దాటి ఉంది. 2016 అక్టోబర్ 11న రెండు పాత జిల్లాలు పలు కొత్త జిల్లాలయ్యాయి. కొత్త జిల్లాల చరిత్రలు ఇప్పుడిప్పుడే రాయబడుతున్నాయి. వాటిలో గడి, గుడి, కోటలకు అధ్యాయాలు ఎలాగూ ఉంటాయి. బావి గట్టు మీద మోకు ఒరిపిడికి పడిన గాళ్లు చాలా ఊళ్లలో ఇంకా ఉన్నాయి. బోరు వేసి బావి పూడ్చిన చోట అవి కూడా లేవు.