వేలిముద్ర సాక్ష్యం

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. పేరు పోలీసు అధికారి హెన్రీ దొరకు దక్కినా, ముద్రలను వర్గీకరించే పద్ధతికి శ్రమించినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు. 1898లో జల్పాయిగురి తేయాకు తోట మేనేజరు హత్య కేసు విచారణకు వచ్చింది. పంచాంగం మీది బొటనవ్రేలి మరక పాత నౌకరును పట్టించింది. న్యాయస్థానం దొంగతనానికి శిక్ష వేసింది. హత్యకు ఆ సాక్ష్యం చాలదన్నది.

ఆ ముద్రే మన దక్షిణాఫ్రికాకూ వచ్చింది. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం నేరమెరుగని ఆసియావారిని సైతం వేలిముద్రలు వేయమంటూ ఆర్డినెన్సు తెచ్చింది. సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్‌లో భారతీయులు దానిని ఎదిరిస్తామని ప్రతిన పూనారు. సత్యాగ్రహానికి అదే నాంది.

పిల్లలారా, వేలిముద్ర మనిషెవరో చెబుతుంది. దోషి ఎవరో తేల్చవలసింది న్యాయమే. ఆ తేడా మరచిన చోట మన పెద్దలు తలవంచలేదు.