పెద్ద అక్షరాల్లో వడ్డీ

ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మన్ బండి కోసం అప్పు చేసినా, కొండ మీద జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఇంటి కోసం చేసినా, సంతకానికి ముందు ఇద్దరి చేతికీ ఒకే తీరు కాగితం రావాలి. దాని పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. అప్పెంత, వాయిదా ఎంత, ఎన్ని వాయిదాలు, ఫీజులూ బీమా కలుపుకుంటే ఏడాదికి అసలు పడే రేటెంత, గొడవ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న దీని నమూనా ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే వ్యక్తిగత, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లన్నిటికీ తప్పనిసరి చేసింది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలోనే రాయాలంది.

అంతకుముందు విడివిడిగా ఉన్న మూడు రకాల నిబంధనలను ఈ ఉత్తర్వు ఒకచోట చేర్చింది. ఒకటి బ్యాంకుల వ్యక్తిగత రుణాలది, ఒకటి ఫోన్‌లో ఇచ్చే డిజిటల్ రుణాలది, ఒకటి సూక్ష్మరుణాలది. ఆ మూడోదాని కథ తెలుగు ఊళ్లలో మొదలైంది. మనవాళ్లు దానికి చాలా ఖరీదు చెల్లించారు.

ఆ కథకు ముందు కాగితం సంగతి చెప్పాలి. బ్యాంకు కాగితం మొదటినుంచీ బ్యాంకు కోసం గీసుకున్నదే. 1882లో మొదలైన పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు పాసుపుస్తకమైనా, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు కాగితాలైనా లెడ్జరు గీతల లెక్కనే నడిచాయి. తేదీ, వివరం, తీసింది, వేసింది, నిల్వ. గుమాస్తా చేత్తో రాసినంతకాలం ఆ గళ్లలో తెలుగు ముక్క పడే వీలైనా ఉండేది. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో యంత్రాలు పెట్టమన్నాక లెడ్జరు పోస్టింగు మెషీన్లు, వాటి వెనకే డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు వచ్చాయి. ఆ ప్రింటరుకు తెలిసింది ఒక్కో అక్షరానికి ఒకే వెడల్పు గడి, వరసకూ వరసకూ ఒకే దూరం. ఇంగ్లిషు అందులో హాయిగా ఇమిడింది. కింద ఒత్తు, పైన గుడి పెట్టుకున్న తెలుగు అక్షరానికి ఆ గడి చాల్లేదు. నామఫలకం మీద తెలుగు మిగిలింది, ఖాతా వివరాల్లోంచి పోయింది.

సూక్ష్మరుణాలు ఊళ్లోకి వచ్చిన కాలం అది. 1992లో నాబార్డు మొదలుపెట్టిన పథకంతో మహిళా సంఘాలు బ్యాంకులకు దగ్గరయ్యాయి. వాళ్ల తీర్మానాల పుస్తకమూ పొదుపు లెక్కా తెలుగులోనే ఉండేవి. ఆ వెనకే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. దేశంలో పెద్దవైన ఎస్‌కేఎస్, స్పందన, షేర్ మూడింటికీ హైదరాబాదే కేంద్రం. వారం వారం వసూలు, ఒకే ఇంట్లో మూడు నాలుగు అప్పులు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని శాఖలను మూయించాల్సి వచ్చింది. 2010 నాటికి వసూళ్ల ఒత్తిడికి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు జిల్లా పేజీల్లో వరసగా వచ్చాయి.

ఆ అప్పుల్లో అసలు మెలిక వడ్డీ చెప్పే పద్ధతిలో ఉంది. పన్నెండు వేల అప్పు, పన్నెండు నెలలు, పన్నెండు శాతం ఫ్లాట్ వడ్డీ అనుకుందాం. వడ్డీ 1,440 రూపాయలు, మొత్తం 13,440, నెలకు 1,120. వినడానికి రూపాయి వడ్డీయే. కానీ అసలు నెలనెలా తీరిపోతున్నా వడ్డీ మాత్రం ఏడాది పొడవునా పూర్తి పన్నెండు వేల మీదే కట్టించుకుంటున్నారు. చేతిలో నిజంగా మిగిలి ఉన్న డబ్బు మీద లెక్కేస్తే అది ఏడాదికి సుమారు 21.5 శాతం. ఫీజు, బీమా ముందే పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. లెక్కలో అబద్ధం లేదు. కాగితం మీద ఏ అంకె ఎక్కడ పెట్టారన్నదాంట్లోనే ఉంది అంతా. పేజీ అమరికను అలంకారం అనుకునేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే.

2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. సంస్థలు రిజిస్టరు చేసుకోవాలి, వసూలు నెలకోసారే, వడ్డీ అసలును మించకూడదు. వీటి మధ్య పెద్దగా ఎవరూ పట్టించుకోని షరతు ఒకటుంది: వసూలు చేసే వడ్డీ రేటును ఆఫీసులో అందరికీ కనబడే చోట పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాలి. అక్షరం ఎంత లావుండాలి, ఎక్కడుండాలి అని చట్టం చెప్పిందంటే, చదివేవాడి కన్ను ఎక్కడుంటుందో ఎవరో ఆలోచించారన్నమాట.

అదే అక్టోబరులో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాల మీద మాలేగాం కమిటీని వేసింది. 2011 జనవరిలో నివేదిక వచ్చింది. ధరలో వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం తప్ప నాలుగోది ఉండకూడదని అది చెప్పింది. ఆ డిసెంబరులో వచ్చిన నిబంధనలు ప్రతి రుణగ్రహీతకూ లోన్ కార్డు ఇవ్వమన్నాయి. నిజంగా పడే వడ్డీ రేటు, షరతులు, కట్టిన ప్రతి వాయిదాకూ రసీదు, చివరికి అప్పు తీరిందన్న మాట, అన్నీ ఆ కార్డులో స్థానిక భాషలో ఉండాలి. 2022లో సూక్ష్మరుణాలకు వచ్చిన ఫ్యాక్ట్‌షీటు, దాని తర్వాత 2024 కాగితం ఈ దారిలోవే.

అమెరికా ఈ పని ముందే చేసింది. అక్కడ 1968 చట్టంతో అప్పు అసలు ఖరీదు చెప్పడం మొదలైంది. 1988 చట్టంతో క్రెడిట్ కార్డు షరతులు ఒక పెట్టెలోకి చేరాయి. తర్వాత ఆ పెట్టెలో వార్షిక రేటు రాసే అక్షరం సైజు 18 పాయింట్లకు తగ్గకూడదన్నారు. మన రిజర్వు బ్యాంకు కూడా క్రెడిట్ కార్డు ముఖ్య షరతులు కనీసం ఏరియల్ ఫాంటు 12 సైజులో ఉండాలంది. ఉద్దేశం మంచిదే. కానీ ఏరియల్‌లో తెలుగు అక్షరాలే లేవు. పైగా 12 పాయింట్లలో ఇంగ్లిషు అక్షరానికి దక్కేంత చోటు తెలుగుకు దక్కదు. అదే ఎత్తులో ఒత్తూ గుడీ కూడా సర్దుకోవాలి కాబట్టి అక్షరం చిన్నదైపోతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు సినిమా వాళ్లు. బాపు, ఈశ్వర్ గీసిన టైటిళ్లలో ఒత్తు ఎక్కడా ఇరుకున పడదు, అక్షరంతో సమానంగా నిలబడుతుంది. బ్యాంకు టెంప్లేటు చేసేవాళ్లు ఫిల్మ్‌నగర్ పోస్టర్లను ఒకసారి తీరిగ్గా చూడాలని నిజంగానే అంటున్నాను.

ఇప్పుడు ఈ కాగితాన్ని ఎవరూ చేత్తో రాయరు. బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెంప్లేటు ఉంటుంది. మారని మాటలు అందులో ముందే ఉంటాయి, అంకెలూ పేర్లూ ఖాతాలోంచి వచ్చి పడతాయి. రేటు మారే అప్పయితే ప్రామాణిక రేటు, దాని మీద వేసింది, పావు శాతం మారితే వాయిదా ఎంత మారుతుందన్నవి నింపాలి. స్థిరమైన రేటయితే ఆ గళ్లతో పనిలేదు. ఇంగ్లిషు శీర్షిక కొలతకు గడి గీసి తర్వాత తెలుగు అతికిస్తే మాట రెండు వరసలవుతుంది, పక్కనున్న అంకె కిందికి జారుతుంది. అంకె తన శీర్షిక ఎదురుగా లేకపోతే ఈ కాగితానికి అర్థమే లేదు.

అంతకంటే లోతైన చిక్కు అక్షరాన్ని కూర్చడంలో ఉంది. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. వాటిని కలిపి ఒత్తులుగా పేర్చే పని ఇంకో ప్రోగ్రాము చేయాలి. 1991లోనే తెలుగు యూనికోడ్‌లో చేరింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, తెర మీద తెలుగు కుదురుకుంది. పీడీఎఫ్ తయారుచేసే సాధనాలు మాత్రం చాలాకాలం వెనకబడ్డాయి. బాగా వాడుకలో ఉన్న ఐటెక్స్ట్ సైతం భారతీయ లిపుల కూర్పు కోసం 2016లో ప్రత్యేకంగా ఒక జోడింపు తేవాల్సి వచ్చింది. ఆ కూర్పు లేని చోట లక్ష్మి పొల్లులు విడిపోయి ఏడు ముక్కలుగా అచ్చవుతుంది. టెంప్లేటును పరీక్షించేవాళ్లు ఇంగ్లిషు పేరుతో పరీక్షించి సరే అంటే అది కస్టమరు దాకా వెళ్లిపోతుంది.

కాగితంలో లేని ఏ ఫీజునూ రుణగ్రహీత స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదని 2024 ఉత్తర్వు చెప్పింది. కాబట్టి ఇందులో ప్రతి గడీ డబ్బే. ఇక చేయాల్సింది టెంప్లేటు కంటే ముందు మెట్టులో ఉంది. ఖాతా తెరిచే రోజున పేరూ చిరునామా ఇంగ్లిషులో మాత్రమే తీసుకుంటే పేజీని ఎంత బాగా దిద్దినా ఆ వరసలు ఇంగ్లిషులోనే వస్తాయి. దరఖాస్తులో తెలుగు పేరుకు ఇంకో గడి పెట్టి, దాన్ని ఖాతాలో దాచితే, కాగితం మీది పేరు కూడా తెలుగులో రావడానికి ఇవాళ సాంకేతికంగా అడ్డేమీ లేదు.